మేనేజ్డ్ సర్వర్‌లో డిస్కు మార్పించే ముందు మన వైపు నుంచి చూసుకోవలసినవి ఏమిటి?

ప్రశ్న:
మిత్రులకు నమస్కారం. మేము అద్దెకు తీసుకున్న మేనేజ్డ్ సర్వర్‌లో 4 టెరాబైట్ల డిస్కులు రెండు రెయిడ్ 1 పద్ధతిలో, అంటే ఒకే డేటా రెండింటిపైనా ఉండేలా, ఉన్నాయి. వాటిలో ఒకదాని స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే నివేదికలో) 197వ అంశం, అంటే చదవడానికి వీలుపడక పెండింగులో ఉన్న సెక్టార్ల (డిస్కుపై డేటా ఉండే చిన్న భాగాల) సంఖ్య, వారంలో 8 నుంచి 56కు చేరింది. రెయిడ్ మాత్రం రెండు డిస్కులూ బాగానే ఉన్నాయని చూపిస్తోంది. డిస్కు మారుస్తాము, సమయం చెప్పండి అని హోస్టింగ్ వారు అడుగుతున్నారు. హార్డ్‌వేర్ బాధ్యత వారిదే అయినా డేటా మాది కనుక, ముందుగా మేము ఏం చేయాలి?

మొదటి సమాధానం:
ఆ సంఖ్య పెరుగుతూనే ఉంది కాబట్టి ఆలస్యం చేయకండి. అయితే హోస్టింగ్ వారికి పంపే టికెట్‌లో (అభ్యర్థనలో) "రెండో డిస్కు" అని మాత్రం రాయకండి. మేము ఒకసారి అలాగే రాస్తే, సాంకేతిక నిపుణుడు పెట్టెలో రెండో అరలో ఉన్న డిస్కును లాగేశారు. మన ఆపరేటింగ్ సిస్టమ్ లెక్కపెట్టే వరుసా, అరల వరుసా ఒకటే కానవసరం లేదు. మంచి డిస్కు బయటికి వచ్చింది, చెడిపోతున్నది లోపల మిగిలింది, ముందు రాత్రి తీసిన బ్యాకప్పే మమ్మల్ని కాపాడింది. డిస్కు మీది లేబుల్‌పై ఉండే సీరియల్ నంబరే స్మార్ట్ రిపోర్టులోనూ కనిపిస్తుంది. రెండు డిస్కుల నంబర్లూ ఇప్పుడే రాసి పెట్టుకోండి, ఎందుకంటే పూర్తిగా ఆగిపోయిన డిస్కు తన నంబరు చెప్పదు. అప్పుడు "ఈ నంబరున్న డిస్కును ముట్టుకోవద్దు" అని మంచి డిస్కు నంబరు ఇవ్వవలసి వస్తుంది.

రెండో సమాధానం:
పైన చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. నా ఆందోళన మిగిలే డిస్కు గురించి. రీబిల్డ్, అంటే కొత్త డిస్కుపైకి డేటా మళ్లీ కాపీ కావడం, జరిగేటప్పుడు దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవాలి. సెకనుకు 150 మెగాబైట్ల వేగమనుకున్నా 4 టెరాబైట్లకు దాదాపు ఏడున్నర గంటలు పడుతుంది. ఎన్నాళ్లుగానో ఎవరూ తెరవని ఫైళ్ల కింద దాగిన చెడ్డ సెక్టార్లు సరిగ్గా ఆ గంటల్లోనే బయటపడతాయి. అందుకని ముందు ఆ డిస్కుపై, దాన్నంతా చదివి చూసే స్మార్ట్ దీర్ఘ పరీక్ష నడపండి, బ్యాకప్ నుంచి ఒకటి రెండు ఫైళ్లు తిరిగి తెచ్చి చూడండి. మీది సాఫ్ట్‌వేర్ రెయిడ్ (ఆపరేటింగ్ సిస్టమే నడిపేది) అయితే, సర్వర్ ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే బూట్ లోడర్ రెండు డిస్కులపైనా ఉందో లేదో చూసుకోవడం, కొత్త డిస్కుపై మళ్లీ వేయడం మరవకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మాది సాఫ్ట్‌వేర్ రెయిడే. చూస్తే బూట్ లోడర్ పాడవుతున్న డిస్కుపై మాత్రమే ఉంది. మంచి డిస్కుపై ఇప్పుడే వేశాను, దీర్ఘ పరీక్ష నడుస్తోంది. అది పూర్తయ్యాకే, రెండు సీరియల్ నంబర్లతో కలిపి, వారికి సమయం ఇస్తాను.