అమెరికా చట్టసభకు లేఖ: విదేశీ వ్యవసాయ సాయాన్ని మనం అడగాలా?

కొలంబస్ వాసి:
అమెరికాలో ఓటు హక్కు ఉన్న తెలుగువారికి ఒక మనవి. 2025 జులై 1న అమెరికా ప్రభుత్వ విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడింది. ‘ఫీడ్ ది ఫ్యూచర్’ అనే దాని ఆహార భద్రతా కార్యక్రమం కింద ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో నడిచిన పంటల ప్రయోగశాలల్లో చాలావాటికి, ఇల్లినాయ్‌లోని సోయాబీన్ ప్రయోగశాలతో సహా, అంతకు ముందే నిధులు ఆగిపోయాయి. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2024లో దాదాపు 67 కోట్ల మంది ఆకలితో ఉన్నారు. విత్తన పరిశోధనకూ చిన్న రైతుల శిక్షణకూ నిధులు మళ్లీ ఇవ్వాలని కోరుతూ సెనేటర్లకు పంపడానికి ఒక లేఖ సిద్ధం చేశాను. ఈ సాయం వల్ల అమెరికా రైతుకు కొత్త మార్కెట్లు దొరుకుతాయని, చైనా పలుకుబడికి అడ్డుకట్ట పడుతుందని మూడో పేరాలో రాశాను. దయచేసి సంతకాలు చేయండి.

తుంగభద్ర తీరం:
అమ్మాయి దగ్గరకు వచ్చి ఇక్కడి పౌరసత్వం తీసుకున్నవాణ్ణి కనుక నాకూ ఓటు ఉంది, కానీ సంతకం చేయను. వరుసగా రెండేళ్లు వానలు లేక 1966లో మన దేశం కోటి టన్నులకు పైగా తిండిగింజలు దిగుమతి చేసుకుంది. అందులో అధికభాగం పీఎల్-480 అనే ఆహార సాయ చట్టం కింద వచ్చిన అమెరికా ధాన్యం. మన ప్రభుత్వం వియత్నాం యుద్ధాన్ని విమర్శించిందని కినుక వహించిన అధ్యక్షుడు జాన్సన్, వ్యవసాయ విధానం మార్చుకోమని ఒత్తిడి తెస్తూ, ఓడలను నెలనెలా లెక్కపెట్టి వదిలారు.

పొలంగట్టు:
జాన్సన్ మాట అలా ఉంచండి. ఆ గోధుమల్లో కలిసి వచ్చిన వయ్యారిభామ కలుపును మా చేలో ఇప్పటికీ పీకుతూనే ఉన్నాం.

కొలంబస్ వాసి:
తీరం గారూ, మీరు చెబుతున్నది తినే గింజ సంగతి, నేను అడుగుతున్నది విత్తనం సంగతి. అనంతపురం జిల్లాలో మా నాన్నగారు ఏళ్ల తరబడి టీఎంవీ-2 రకం బుడ్డలే (వేరుశనగ) వేశారు. ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తే, చెట్టు పీకినప్పుడు రెండో మూడో కాయలు కనిపించేవి, అవీ లొట్టలు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ రూపొందించిన ఐసీజీవీ 91114 రకం వేసిన తరువాత అంతే వానకు గింజ నిండింది. 1972లో మొదలైన ఆ సంస్థ విదేశీ నిధులతోనే నిలదొక్కుకుంది. ఇక వయ్యారిభామను పుణెలో 1956లోనే నమోదు చేశారు. భారత్‌తో పీఎల్-480 ఒప్పందం కుదిరింది ఆ ఏడాది ఆగస్టులో. నింద సరిపోలేదు.

పొలంగట్టు:
మరి 1951లో అమెరికా అప్పుగా ఇచ్చిన 20 లక్షల టన్నుల గోధుమ ఎక్కడి నుంచి వచ్చిందండీ? ఆ మొక్క పీకి పీకి మా అమ్మకు మోచేతుల దాకా దద్దుర్లెక్కి చర్మం నల్లబడింది. విత్తనమన్నా నాకు భయమే. మూడేళ్ల క్రితం ఒక కంపెనీ పత్తి ప్యాకెట్లు ఆరు కొన్నాను. చెట్టు నడుమెత్తు పెరిగింది గానీ పూత నిలవలేదు. పరిహారం కోసం వెళితే ఖాళీ ప్యాకెట్లు దాచారా అని అడిగారు. దాచలేదు.

బందరు లడ్డు:
కలుపు మొక్కల చర్చకు వేరే శీర్షిక తెరవవలసిందిగా ప్రార్థన.

తుంగభద్ర తీరం:
గింజ వేరు, విత్తనం వేరు అన్నారు. చట్టసభ తన లాభం చూసుకునేటప్పుడు ఆ తేడా పాటించదు. ఆహార సాయంలో కనీసం సగం అమెరికా జెండా ఉన్న ఓడల్లోనే వెళ్లాలని వారి చట్టం. హైతీ 1990లలో సుంకం తగ్గించాక సబ్సిడీ మీద పండిన అమెరికా బియ్యం వచ్చిపడి అక్కడి వరి రైతు చితికిపోయాడు. అది పొరపాటని 2010లో మాజీ అధ్యక్షుడు క్లింటనే ఒప్పుకున్నారు.

కొలంబస్ వాసి:
హైతీలో జరిగింది బియ్యం వ్యాపారం. మీరు ప్రతిసారీ దారి మళ్లిస్తున్నారు. మీ అరవై ఏళ్ల నాటి అలకకు ఆఫ్రికాలోని మలావీలో బుడ్డలు వేసుకునే రైతు మూల్యం చెల్లించాలా? 2025 జులైలో దుబాయిలో నిల్వ ఉన్న దాదాపు 500 టన్నుల సాయపు బిస్కెట్లను గడువు తీరిందని నాశనం చేశారు. మన ఆత్మగౌరవం నిలిచిందని అప్పుడు సంతోషించారా?

తుంగభద్ర తీరం:
ఆ మాట అనకుండా ఉండవలసింది. మా బడిలో మధ్యాహ్నం అమెరికా సాయంగా వచ్చిన గోధుమ రవ్వతోనే ఉప్మా పెట్టేవారు. ఖాళీ అయిన సంచి మా అవ్వ అడిగి తెచ్చి నాకు లాగు కుట్టింది. సంచి మీద ఉన్న అమెరికా సాయం గుర్తు, కరచాలనం చేస్తున్న రెండు చేతుల ముద్ర, సరిగ్గా వెనక భాగానికి వచ్చింది, ఎన్ని ఉతుకులకూ పోలేదు, బడిలో నన్ను పిలిచే పేరూ అదే అయింది. ఆ ఉప్మా తిని బతికాను, కాదనను. పరిశోధనకు డబ్బు ఇవ్వవద్దని కూడా అనను. నాకు గుచ్చుకున్నది మీ మూడో పేరా. అది తీసేసి, ఆ రైతుకు అవసరం కనుక ఇవ్వండి అని మాత్రమే రాయండి, సంతకం చేస్తాను.

కొలంబస్ వాసి:
అది తీసేస్తే సెనేటర్ కార్యాలయంలో ఆ లేఖను పక్కన పడేస్తారు. తన ఓటరుకు ఏం లాభమో తెలియకుండా ఏ సభ్యుడూ పైసా విదల్చడు. నాకు కావలసింది నిధులు, మంచి మాటలు కావు.

తుంగభద్ర తీరం:
జాన్సన్ కూడా అదే లెక్క చూసుకున్నారు. ఆ పేరా ఉన్నంతవరకు నా పేరు చేర్చకండి.