బీఎస్సీ ఫారెస్ట్రీలో టేపు కొలతలు తగ్గించి జీఐఎస్, డ్రోన్ పెంచాలా?

కాంటూరు:
సిద్దిపేట జిల్లా ములుగు కాలేజీలో ఉన్నలాంటి నాలుగేళ్ల ఫారెస్ట్రీ డిగ్రీ గురించే అడుగుతున్నా. మెన్సురేషన్ (చెట్లను, కలపను కొలిచే సబ్జెక్టు) ప్రాక్టికల్ అంటే ఇప్పటికీ చెట్టు చుట్టూ టేపు తిప్పడమేనా? ఒక డివిజన్‌లో వేల హెక్టార్ల అడవి ఉంటే 0.1 హెక్టారు నమూనా ప్లాట్లతో ఎంతకని కొలుస్తారు? సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు 10 మీటర్ల రిజల్యూషన్‌తో ఉచితంగానే దొరుకుతున్నాయి. టేపు పని నాలుగు ప్రాక్టికల్స్‌తో ముగించి, మిగతా గంటలు రిమోట్ సెన్సింగ్‌కి (ఉపగ్రహ, డ్రోన్ చిత్రాలతో కొలవడం), జీఐఎస్‌కి (కంప్యూటర్‌లో పటాల పని) ఇవ్వాలన్నది నా వాదన.

నల్లమద్ది:
కాంటూరు గారూ, పైనుంచి కనిపించేది కొమ్మల కప్పు ఒక్కటే. ఆ కప్పు 10 శాతం దాటి, విస్తీర్ణం హెక్టారుకు తగ్గకపోతే చాలు, ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని అటవీ విస్తీర్ణంలో కలిపేస్తుంది. అది జామాయిల్ తోటా, మామిడి తోటా అన్నది చూడదు. వర్కింగ్ ప్లాన్‌కు (అడవి నిర్వహణ ప్రణాళికకు) కావలసింది అది కాదు. ఏ జాతి చెట్లు, ఏ చుట్టుకొలతలో ఎన్ని, కింద మొలకలు ఉన్నాయా లేవా? 1996 డిసెంబరు 12 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రకారం కేంద్రం ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ లేకుండా అడవిలో నరుకుడు కుదరదు. ఆ ప్లాన్‌లోని అంకెలు టేపు దగ్గరే పుడతాయి.

పోనీ టేపు తిప్పడం అంత తేలికా? నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున కొలవాలి (విదేశీ సాఫ్ట్‌వేర్‌లో తరచూ 1.3 ఉంటుంది, మార్చుకోకపోతే అక్కడే తేడా). వాలు నేలలో ఎగువ వైపు నిలబడాలి. ఆ ఎత్తుకు కిందే చెట్టు చీలితే రెండు చెట్లుగా రాయాలి. తీగలు, చెదమట్టి తీసేయాలి. 60 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చెట్టును 62 అని రాస్తే అడ్డుకోత వైశాల్యం 6.8 శాతం పెరిగిపోతుంది. ముఖ్యమైన సంగతి: టేపు ఏటవాలుగా పడ్డా, తీగ మీదుగా వెళ్లినా కొలత పెరుగుతుందే తప్ప తగ్గదు. ఎన్ని ప్లాట్లు వేసినా ఈ తప్పు సర్దుకోదు.

శాంపిల్‌సైజు:
ఇద్దరూ ప్లాట్ల లెక్క వేయకుండానే వాదిస్తున్నారు. ప్లాటుకూ ప్లాటుకూ కలప పరిమాణంలో తేడా (సీవీ, అంటే సగటుతో పోలిస్తే ఎంత చెదురు) 80 శాతం ఉందనుకుందాం. 10 శాతం లోపు దోషం, 95 శాతం నమ్మకం కావాలంటే (2×80÷10) వర్గం, అంటే 256 ప్లాట్లు. అదే అడవిని ముందు ఉపగ్రహ చిత్రంతో దట్టం, మధ్యస్థం, పలచన అని విడదీస్తే, విభాగాల లోపలి తేడా 40 శాతానికి దిగిందనుకోండి, మొత్తానికి 64 చాలు. ప్రతి విభాగానికీ విడిగా అంతే కచ్చితత్వం కావాలంటే మాత్రం ప్లాట్లు మళ్లీ పెరుగుతాయి. చిత్రం వల్ల ప్లాట్ల సంఖ్య తగ్గుతుంది, ప్లాటు పోదు. అన్నట్టు, ఆ చిత్రం అక్టోబరు, డిసెంబరు మధ్యది కావాలి. మార్చి చిత్రంలో ఆకు రాల్చిన టేకు అడవి పొదల బీడులా కనిపిస్తుంది.

కాంటూరు:
ఇది నా వాదనకే బలం. పైగా ఎత్తు సంగతి ఎవరూ ఎత్తలేదు. రవి మల్టీమీటరుతో (చెట్టు ఎత్తు చూసే చేతి పరికరం) ఎత్తు చూస్తే అసలు కొన బదులు పక్క కొమ్మ తగులుతుంది. మన వైపు వాలిన చెట్టు ఎత్తు ఎక్కువ చూపిస్తుంది. డ్రోన్‌కు ఈ బాధ లేదు.

బీట్‌మ్యాప్:
వేరే బాధ ఉంది. మామూలు కెమెరా డ్రోన్ చెట్టు ఎత్తును నేరుగా కొలవదు, పై ఉపరితలంలోంచి నేల మట్టాన్ని తీసేస్తుంది. ఆకు దట్టంగా ఉంటే కెమెరాకు నేల కనబడదు. సాఫ్ట్‌వేర్ పొదల పైభాగాన్నే నేల అనుకుంటే ఎత్తులన్నీ తగ్గిపోతాయి. ఎండాకాలంలో ఎగరేస్తే నేల కనబడుతుంది, కొమ్మల కప్పు ఉండదు. కాబట్టి మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి ఎగరేసి రెండూ కలపాలి, అదీ నేల మీద గుర్తులు పెట్టి. ఇక లాంటానా అనే కలుపు పొద కమ్మేసిన అడవి పైనుంచి పచ్చగా భేషుగ్గా ఉంటుంది. 3×3 మీటర్ల క్వాడ్రాట్ (చిన్న చదరపు గడి) వేసి వంగి చూస్తే ఏగి, చిరుమాను లాంటి అడవి చెట్ల మొలక ఒక్కటీ ఉండదు. సుస్థిర నిర్వహణ అన్న మాటకు అర్థం తేలేది ఆ క్వాడ్రాట్‌లోనే.

నల్లమద్ది:
గంటలు పంచుకోవడం కాదు, ఒకే ప్లాటు మీద రెండూ చేయించాలి. మధ్య బిందువు జీపీఎస్‌తో పట్టి, నాలుగు మూలలకూ 22.36 మీటర్లు పోతే 31.62 మీటర్ల చదరం, అంటే 0.1 హెక్టారు వస్తుంది. కొండ వాలు 20 డిగ్రీలుంటే వాలు వెంట పోయే మూలకు 23.8 మీటర్లు లాగాలి. ఈ సవరణ మరిచిపోతే ప్లాటు 6 శాతం చిన్నదై, హెక్టారుకు కలప తక్కువ చూపిస్తుంది. తర్వాత అదే ప్లాటును చిత్రంలో గుర్తించమనాలి. చెట్ల కింద జీపీఎస్ ఐదారు మీటర్లు తప్పుతుంది. అది సెంటినెల్ పిక్సెల్‌లో సగం. నేలా చిత్రమూ ఎంత కలుస్తాయో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

కాంటూరు:
కలిపి చేయించడం నాకు సమ్మతమే. కానీ మెన్సురేషన్ ఒక సెమిస్టరులో, జీఐఎస్ ఇంకో సెమిస్టరులో, వేర్వేరు టీచర్ల చేతిలో ఉంటే ఆ ప్లాటుకు మార్కులు ఎవరు వేస్తారు?

శాంపిల్‌సైజు:
మొదటి సెమిస్టరులో ప్లాట్లకు శాశ్వత రాళ్లు పాతి నంబర్లు వేయండి. రెండో టీచరు పదింట ఒక ప్లాటును వేరే జట్టుతో మళ్లీ కొలిపించాలి. రెండు కొలతల తేడా మీదే మార్కులు.