ఇంటి నుంచి పనిచేసేవారి వీపీఎన్‌లో స్ప్లిట్ టన్నెలింగ్‌ను అనుమతించవచ్చా?

మాదాపూర్ అడ్మిన్:
మా సంస్థలో చాలామంది ఉభయ గోదావరి, గుంటూరు, ఖమ్మం జిల్లాల్లోని సొంత ఊళ్ల నుంచే పనిచేస్తున్నారు. వారు ఆఫీసు నెట్‌వర్క్‌కు గుప్తంగా కలిపే వీపీఎన్ క్లయింట్ (ప్రోగ్రామ్) ఆన్ చేయగానే ల్యాప్‌టాప్‌లోని ఇంటర్నెట్ ట్రాఫిక్ మొత్తం హైదరాబాద్‌లోని మా గేట్‌వేకు వచ్చి, ఇక్కడి ఫైర్‌వాల్ దాటి బయటికి వెళ్తుంది. 2020 మార్చి లాక్‌డౌన్‌లో హడావుడిగా పెట్టిన ఈ ఫుల్ టన్నెల్ ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది. మైక్రోసాఫ్ట్ టీమ్స్ కాల్స్‌లో మాట తెగిపోతోందన్న ఫిర్యాదులు మాత్రం ఆగడం లేదు. ఆఫీసు సర్వర్లకు వెళ్లేదాన్ని మాత్రమే టన్నెల్‌లోకి పంపి, మిగిలినదంతా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద నేరుగా వదిలేయాలన్నది (దీన్నే స్ప్లిట్ టన్నెలింగ్ అంటారు) నా ప్రతిపాదన. మా సెక్యూరిటీ బృందం ససేమిరా అంటోంది. ఇదే పనిలో ఉన్నవారు తమ అభిప్రాయాన్ని కారణాలతో సహా చెప్పాలని కోరుతున్నాను.

లాగ్ చదువరి:
నేను మీ సెక్యూరిటీ బృందం పక్షమే. స్ప్లిట్ టన్నెల్ పెట్టిన ల్యాప్‌టాప్‌కు ఒకవైపు ఆఫీసు సర్వర్లు, మరోవైపు ఏ కాపలా లేని ఇంటర్నెట్ ఒకే సమయంలో తెరిచి ఉంటాయి. బ్రౌజర్ ద్వారా ఒక మాల్‌వేర్ లోపలికి వస్తే, దాన్ని నడిపేవాడు ఇంటి కనెక్షన్ మీదుగా ఆదేశాలు ఇస్తూ ఆఫీసు సర్వర్లను తడుముతాడు. మన ఫైర్‌వాల్‌కు ఆ ఆదేశాల జాడే తెలియదు. ఫుల్ టన్నెల్‌లో కనీసం ఎవరూ ఎరగని డొమైన్ కోసం వెళ్లిన డీఎన్‌ఎస్ ప్రశ్న (సైట్ పేరుకు ఐపీ అడ్రస్ అడిగేది) మన లాగ్‌లో పడుతుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, సైబర్ ఘటన మన దృష్టికి వచ్చిన 6 గంటల్లోగా తెలియజేయాలి. ల్యాప్‌టాప్ ఎక్కడెక్కడికి వెళ్లిందో మన దగ్గర రికార్డే లేకపోతే ఆ 6 గంటల్లో ఏం రాసి పంపుతాం? పైగా అమెరికా క్లయింట్ల ఒప్పందాలు చూడండి. అక్కడి రక్షణ శాఖ కాంట్రాక్టుల్లో వర్తించే నిస్ట్ (అమెరికా ప్రమాణాల సంస్థ) 800-171 పత్రం రెండో సవరణలోని 3.13.7 నిబంధన స్ప్లిట్ టన్నెలింగ్‌ను నిరోధించాలని పేరు పెట్టి మరీ చెబుతోంది.

తూర్పు కనుమ:
లాగ్ చదువరి గారు చెప్పిన ప్రమాదం నిజమే. కానీ ఫుల్ టన్నెల్ దాన్ని ఆపుతుందన్న మాటను నేను ఒప్పుకోలేను. మాల్‌వేర్ కూడా 443 పోర్టు మీద హెచ్‌టీటీపీఎస్‌లోనే మాట్లాడుతుంది కనుక, టీఎల్‌ఎస్ గుప్తీకరణను విప్పి చూసే ఏర్పాటు లేని ఫైర్‌వాల్‌కు లోపలేముందో కనిపించదు. అసలు ఫుల్ టన్నెల్ అన్నది ల్యాప్‌టాప్‌లోని రూటింగ్ టేబుల్ (ఏ ట్రాఫిక్ ఏ దారిన వెళ్లాలో చెప్పే పట్టిక) మీద ఆధారపడిన ఏర్పాటు. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న దుండగుడు డీహెచ్‌సీపీ (పరికరాలకు నెట్‌వర్క్ సెట్టింగులు పంచే పద్ధతి) ఆప్షన్ 121తో కొత్త రూట్లు చొప్పించి ట్రాఫిక్‌ను టన్నెల్ బయటికి మళ్లించగలడని 2024 మేలో టన్నెల్‌విజన్ పేరుతో బయటపడింది.

పెద్ద దెబ్బలు ఎక్కడ తగిలాయో కూడా చూద్దాం. 2021 ఏప్రిల్ చివర్లో అమెరికా ఇంధన సంస్థ కొలోనియల్ పైప్‌లైన్ నెట్‌వర్క్‌లోకి దుండగులు ప్రవేశించింది ఒక పాత వీపీఎన్ ఖాతా ద్వారా. దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో అంచె ధ్రువీకరణ లేదు. 2024 జనవరిలో ఇవాంటి వీపీఎన్ పరికరాల్లోని లోపాలను దుండగులు వాడుకుంటున్నప్పుడు, ఆ పరికరాలను నెట్‌వర్క్ నుంచి తొలగించమని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా అక్కడి ఫెడరల్ సంస్థలను ఆదేశించింది. ఈ రెండింటికీ స్ప్లిట్ టన్నెల్‌తో సంబంధం లేదు. ఉద్యోగం మానేసినవారి ఖాతాలను ఆ రోజే మూసివేయడం, గేట్‌వేకు ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) రాగానే వేయడం, క్లయింట్ వెర్షన్‌ను యూజర్ ఇష్టానికి వదలకుండా కేంద్రం నుంచే అప్‌డేట్ చేయడం: మన శ్రమ ముందు వీటికి చెందాలి. నిస్ట్ కూడా 800-53 అనే మరో పత్రం ఐదో సవరణలో, 2020లో, తగిన రక్షణలతో ఏర్పాటు చేస్తే తప్ప స్ప్లిట్ టన్నెలింగ్‌ను నిరోధించాలని వాక్యాన్ని సడలించింది.

అడ్మిన్ గారికి ఒక మాట. కాల్ తెగిపోతోందంటే ముందు ఆ యూజర్ క్లయింట్‌లో కనెక్షన్ వివరాలు తెరిచి, ప్రోటోకాల్ అన్నచోట ఏముందో చూడండి. ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ క్లయింట్లు చాలావరకు యూడీపీ (పోయిన ప్యాకెట్ కోసం ఆగని పద్ధతి) మీద డీటీఎల్‌ఎస్ గుప్తీకరణతో కలవాలని చూస్తాయి. ఇంటి రూటరో ఊళ్లోని కేబుల్ ఆపరేటరో దాన్ని అడ్డుకుంటే, యూజర్‌కు ఏమీ చెప్పకుండా టీసీపీ మీది టీఎల్‌ఎస్‌కు దిగిపోతాయి. అప్పుడు ఒక ప్యాకెట్ దారిలో పోతే, అది మళ్లీ వచ్చేదాకా వెనకున్నవన్నీ ఆగాల్సిందే. వెబ్ పేజీ ఆ ఆలస్యాన్ని తట్టుకుంటుంది, మాట తట్టుకోదు.

భీమవరం ఉద్యోగి:
నేను అడ్మిన్‌ను కాను, యూజర్‌ను. కస్టమర్‌తో మాట్లాడుతుండగా గొంతు తెగిపోతే మా మేనేజర్ దృష్టిలో తప్పు నా ఇంటి ఇంటర్నెట్‌దే. వీపీఎన్ ఆపి మాట్లాడితే అదే కనెక్షన్ మీద కాల్ సాఫీగా సాగుతుంది. అందుకే మాలో చాలామంది మీటింగ్ సమయానికి వీపీఎన్ తీసేస్తున్నారు. మీరు ఏ నియమం పెట్టినా ఇది జరుగుతూనే ఉంటుందని గుర్తుంచుకోండి.

లాగ్ చదువరి:
భీమవరం ఉద్యోగి గారి మాట నన్ను ఆలోచింపజేసింది. జనం తీసేసే ఫుల్ టన్నెల్ కంటే ఎప్పుడూ ఆన్‌లో ఉండే హద్దుల స్ప్లిట్ టన్నెల్ మేలని ఒప్పుకుంటాను. అయితే ఆఫీసు అడ్రస్‌లు తప్ప అన్నీ బయటికి అన్న పద్ధతి నాకు సమ్మతం కాదు. అన్నీ లోపలికే, పేరు పెట్టిన కొన్ని తప్ప అన్నట్టుగా ఉండాలి. 2020లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సలహా కూడా ఆలస్యాన్ని తట్టుకోలేని సేవలకు పెట్టిన తమ ఆప్టిమైజ్ వర్గంలోని కొద్దిపాటి అడ్రస్ శ్రేణులను టన్నెల్ నుంచి మినహాయించమనే. డీఎన్‌ఎస్ ప్రశ్నలు మాత్రం మన సర్వర్‌కే రావాలి. లేకపోతే మన లోపలి సర్వర్ల పేర్లు ఊళ్లోని ఇంటర్నెట్ కంపెనీ దాకా పోతాయి.

తూర్పు కనుమ:
దీనికి నాకు అభ్యంతరం లేదు. మినహాయింపులను ఐపీ శ్రేణులతోనే రాసుకోండి, వాటిని మైక్రోసాఫ్ట్ మార్చినప్పుడల్లా సరిచేసే బాధ్యతను ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. ఇంకో చిక్కు: మీ బ్రాంచి ఆఫీసుల్లో ఎక్కడైనా 192.168.1 శ్రేణి వాడుతున్నారా? ఇంటి రూటర్లలో చాలావాటికి అదే శ్రేణి ఉంటుంది. ఇంటి నెట్‌వర్క్‌ను అందుబాటులో ఉంచితే, అలాంటి యూజర్ ఆ బ్రాంచి ఫైల్ సర్వర్‌ను అడిగినప్పుడు ల్యాప్‌టాప్ దాన్ని తన ఇంట్లోనే వెతుకుతుంది. క్లయింట్‌లో టన్నెల్ గుర్తు పచ్చగానే ఉంటుంది, ఫోల్డర్ తెరుచుకోదు.

మాదాపూర్ అడ్మిన్:
మా విజయవాడ బ్రాంచిలో ఆ శ్రేణే ఉంది. ముందు దాన్ని మారుస్తాం. సంస్థ ఇచ్చిన, ఈడీఆర్ (దాడి జాడలు పట్టే రక్షణ సాఫ్ట్‌వేర్) ఉన్న ల్యాప్‌టాప్‌లకు మాత్రమే, టీమ్స్ శ్రేణులకు మాత్రమే మినహాయింపు ఇస్తూ ఒక బృందంతో మొదలుపెడతామని మా సెక్యూరిటీ వారికి రాస్తున్నాను. 800-171 వర్తించే ప్రాజెక్టుల వారు వేరే గ్రూపులో, ఫుల్ టన్నెల్‌లోనే ఉంటారు. సొంత ల్యాప్‌టాప్‌లు వాడే కాంట్రాక్టు ఉద్యోగుల సంగతే తేలలేదు. వారికి వీపీఎన్ పూర్తిగా ఆపి వర్చువల్ డెస్క్‌టాప్ (సర్వర్ మీద నడిచే కంప్యూటర్‌ను దూరం నుంచి వాడుకునే ఏర్పాటు) ఇవ్వాలని మా వాళ్లు అంటున్నారు, ఖర్చు దగ్గర పై అధికారులు వెనకాడుతున్నారు. అలా మార్చినవారు ఇక్కడ ఉంటే, ఊళ్ల కనెక్షన్ల మీద అది ఎలా నడుస్తోందో దయచేసి రాయండి.