అమ్మానాన్నలతో ఆరన్ దీవులకు ఒక్క రోజు చాలుతుందా?

ప్రశ్న: డబ్లిన్‌లో ఉంటున్నాం. జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు. ఐర్లాండ్ పశ్చిమ తీరానికి దగ్గర్లోని ఆరన్ దీవులు చూపించాలని ఉంది. నాన్న రైతు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ శాకాహారులు. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చా? మూడింటిలో ఏ దీవి మంచిది?

జవాబు: వచ్చేయొచ్చండీ, కానీ దయచేసి అలా చేయకండి. డబ్లిన్ నుంచి పశ్చిమ తీరంలోని గాల్వే నగరానికే రైల్లో రెండున్నర గంటలు పడుతుంది. అక్కడి నుంచి రాసవీల్ రేవుకు బస్సు, ఆపైన దాదాపు 40 నిమిషాలు పడవ. పెద్దవాళ్లు అలిసిపోతారు. పైగా సాయంత్రం ఆఖరి పడవ వెళ్లాకే ఊరు ఊరిలా ఉంటుంది. మనతో ఇంగ్లిష్‌లో మాట్లాడినవాళ్లే ఒకరితో ఒకరు ఐరిష్‌లో కబుర్లు చెప్పుకుంటారు. ఆ భాష వినడానికైనా ఒక రాత్రి ఉండండి.

ప్రశాంతతకు ఇనిష్ మాన్ నాకు ఇష్టం. అమ్మగారి కోసమైతే ఇనిష్ మోర్‌కే వెళ్లండి. రేవులో దిగగానే మన జట్కాల్లాంటి గుర్రబ్బళ్లు, మినీ బస్సులు దొరుకుతాయి. డూన్ ఏంగస్ కోట మాత్రం రాళ్ల దారిలో ఎక్కాలి. ఆవిడను కింద కూర్చోబెట్టండి. పైన దాదాపు 100 మీటర్ల కొండ అంచు, రెయిలింగ్ లేదు. గాలి ఉంటే అంచుకు పోవద్దు.

నాన్నగారికి పొలాలు తప్పక చూపించండి. అక్కడున్నది వట్టి సున్నపురాయి. తరతరాలుగా ఇసుక, సముద్రపు నాచు మోసుకొచ్చి పరిచి, మట్టి తయారుచేసుకుని బంగాళాదుంపలు పండించారు. పొలాల చుట్టూ ఉండే రాతి గోడలకు సున్నం, సిమెంటు ఉండవు. రాళ్ల సందుల్లోంచి గాలి దూరిపోతుంది కాబట్టి నిలబడతాయి. పశువులను తోలాలంటే కొన్నిచోట్ల గేటు ఉండదు. రాళ్లు తీసి, మళ్లీ పేరుస్తారు. ఒక రైతుకు ఇంతకంటే చూడాల్సింది ఏముంటుంది!

ప్రశ్న: చాలా థాంక్స్ అండీ. వాన, తిండి సంగతి?

జవాబు: ఆ గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోట్లు కొనండి. సముద్రం బాగా లేకపోతే పడవలు రద్దవుతాయి. మాకు అలా ఒక రోజు పోయింది, అమ్మవాళ్ల ఫ్లైట్ గురించి ఒకటే టెన్షన్. అందుకే తిరుగు ప్రయాణానికి ముందు రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. ఇనిష్ మోర్‌లో పడవ దిగే ఊరు కిల్‌రోనన్‌లో చిన్న సూపర్‌మార్కెట్ ఉంది, బ్రెడ్డు, పాలు, పళ్లు దొరుకుతాయి. మొదటి పూటకు పులిహోర కట్టుకెళ్లండి. అమ్మగారికి పడవ పడకపోతే వాంతుల మాత్ర ఎక్కే ముందే వేయించండి, ఊగడం మొదలయ్యాక వేసినా పెద్దగా పనిచేయదు.