నల్ల బీరు తేలికా, బరువా? మా ఇంట్లో తెగని తగువు

అయ్యకోనేరు గట్టు, విజయనగరం

మా బావమరిది డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తాడు. సిరిమాను పండుగకు ఇంటికి వస్తూ గిన్నెస్ అనే ఐర్లండు నల్ల బీరు డబ్బాలు నాలుగు తెచ్చాడు, ఒక్కొక్కటి 440 మిల్లీలీటర్లు. గ్లాసులో పోస్తే కాఫీ డికాక్షన్‌లా నల్లగా ఉంది, పైన మీగడలాంటి నురగ రెండు వేళ్ల మందాన నిలిచింది. మా మావగారు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఇంత నల్లగా ఉందంటే ఎంత ఘాటుగా ఉంటుందో! ఈ వయసులో నాకెందుకు?" అని, తాను ఎప్పుడూ తాగే స్ట్రాంగ్ బీరు తెప్పించుకున్నారు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివాను. డబ్బా మీద ఆల్కహాలు 4.2 శాతం అని ఉంది. సీసా మీద 8 శాతానికి మించదని ఉంది, పైగా అది 650 మిల్లీలీటర్ల సీసా. ఘాటుకు భయపడి ఆయన వదిలేసినదానికంటే చేతిలోకి తీసుకున్నదే దాదాపు రెట్టింపు ఘాటు!

కేలరీల సంగతీ అంతే. ఈ డబ్బాల్లోది గిన్నెస్ డ్రాఫ్ట్ అనే రకం, 355 మిల్లీలీటర్లకు సుమారు 125 కేలరీలు ఉంటాయి. అదే కొలతకు 5 శాతం బడ్‌వైజర్‌లో 145 దాకా ఉంటాయి. నాకు షుగరు మొదలయ్యే హద్దులో ఉంది, బరువు తగ్గమని డాక్టరు చెప్పినప్పటి నుంచి రోజూ గట్టు చుట్టూ నడుస్తున్నాను. అందుకే నాకు ఈ లెక్క ముఖ్యం. తాగాలనుకున్నవాడికి నల్ల బీరే మేలని నా వాదన. మావగారు మాత్రం "అది తాగితే అన్నం తిన్నట్టు కడుపు నిండిపోతుంది, బరువు కాక మరేమిటి?" అంటున్నారు. మీరేమంటారు?

బొబ్బిలి మాస్టారు

ఫిజిక్స్ చెప్పుకునేవాడిని, కాబట్టి లెక్కతో మొదలుపెడతాను. బీరులో కేలరీలు ప్రధానంగా రెండు చోట్ల నుంచి వస్తాయి. ఒకటి ఆల్కహాలు, గ్రాముకు 7 కేలరీలు. రెండోది బీరును పులియబెట్టే ఈస్ట్ తినగా మిగిలిన పిండిపదార్థం, గ్రాముకు 4. మిల్లీలీటరు ఆల్కహాలు 0.789 గ్రాములు తూగుతుంది. మీరు చెప్పిన 355 మిల్లీలీటర్లలో 4.2 శాతం అంటే దాదాపు 11.8 గ్రాముల ఆల్కహాలు, అంటే 82 కేలరీలు. మిగిలిన పిండిపదార్థం సుమారు 10 గ్రాములు, మరో 40 కేలరీలు. మీ 125కి దగ్గరగానే వచ్చింది.

ఇప్పుడు మావగారి సీసా చూడండి. 8 శాతమే అనుకుంటే 650 మిల్లీలీటర్లలో 41 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. పిండిపదార్థం కలపకముందే 287 కేలరీలు. మీ 440 డబ్బాలో ఆల్కహాలు 14.6 గ్రాములు, దాని వాటా 102 కేలరీలు.

రంగు గురించి ఒక మాట. గిన్నెస్‌లాంటి నల్ల బీరును స్టౌట్ అంటారు. దానికి నలుపు వచ్చేది బాగా మాడే దాకా వేయించిన బార్లీ నుంచి. మొత్తం ధాన్యంలో అది పదో వంతు ఉన్నా చాలు, గ్లాసంతా నల్లబడుతుంది. అరకు కాఫీ గింజలు ఎంత నల్లగా వేయించినా పాలు, చక్కెర కలపని డికాక్షన్‌లో కేలరీలు దాదాపు ఉండవు కదా! మన వైపు తాటికల్లు పొద్దున దించినప్పుడూ తెల్లగానే ఉంటుంది, సాయంత్రానికి పులిసి తలకెక్కేటప్పుడూ తెల్లగానే ఉంటుంది. సారా అయితే నీళ్లలా ఉంటుంది. రంగును నమ్మి ఘాటు అంచనా వేసే మనిషి సారా ముందు ఏం చేస్తాడు?

కడుపు నిండిందనే మాటకూ కారణం ఉంది. మామూలు బీరులో నురగ కార్బన్ డయాక్సైడ్ వల్ల వస్తుంది. గిన్నెస్ డ్రాఫ్ట్‌లో నైట్రోజన్ వాటా ఎక్కువ. డబ్బా ఊపితే లోపల చిన్న ప్లాస్టిక్ బంతి కదిలినట్టు వినిపిస్తుంది, మూత తీయగానే ఆ వాయువును వదిలేది అదే. నైట్రోజన్ బుడగలు మరీ చిన్నవి కావడంతో నోటికి చిక్కగా, మీగడలా తగులుతుంది. ఆ చిక్కదనం నాలుకకు తెలిసేదే తప్ప కేలరీల లెక్కలోకి రాదు. పబ్బుల్లో సగం గ్లాసు లేత రంగు బీరు పోసి, దాని మీద చెంచా వెనుక వైపు మీదుగా గిన్నెస్‌ను మెల్లగా వదిలే పద్ధతి ఒకటి ఉంది. నల్లది పైన తేలి నిలుస్తుంది. కింది బీరుకంటే సాంద్రత తక్కువ కాబట్టే తేలుతుంది.

సోంపేట నావికుడు

మాస్టారి లెక్కకు వంక పెట్టను. కానీ శీర్షికలో మీరు రాసింది "నల్ల బీరు" అని, గిన్నెస్ డ్రాఫ్ట్ అని కాదు. నా అభ్యంతరం అక్కడే.

ఓడల మీద ఇరవై ఏళ్లు తిరిగాను. కొలంబోలో దిగినప్పుడల్లా మావాళ్లు తాగేది లయన్ స్టౌట్. అదీ నల్లదే, అదీ స్టౌటే, ఆల్కహాలు మాత్రం 8.8 శాతం! 330 మిల్లీలీటర్ల చిన్న సీసాలో 23 గ్రాముల ఆల్కహాలు, మీ పెద్ద డబ్బాలో ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు. అంతెందుకు, గిన్నెస్ వారిదే ఫారిన్ ఎక్స్‌ట్రా అనే రకం ఉంది, 7.5 శాతం. వేడి దేశాలకు సముద్రం మీద నెలల తరబడి వెళ్లాలి కాబట్టి హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు), ఆల్కహాలు పెంచి కాచిన సరుకుకు వారసురాలది. ఇక ఇంపీరియల్ స్టౌట్ 8 నుంచి 12 శాతం దాకా పోతుంది. ఒకప్పుడు ఇంగ్లండులో కాచి రష్యా రాజదర్బారుకు పంపేవారు, ఆ పేరు అలా వచ్చింది.

ఆ మాటకొస్తే స్టౌట్ అన్న పదానికి మొదటి అర్థమే గట్టిది, బలమైనది అని. 18వ శతాబ్దంలో లండన్ కూలీలు తాగిన పోర్టర్ అనే ముదురు రంగు బీరులో ఘాటైన రకాన్ని స్టౌట్ పోర్టర్ అనేవారు. తరువాత పోర్టర్ రాలిపోయి స్టౌట్ మిగిలింది. కాబట్టి మీ మావగారి భయానికి రెండు వందల ఏళ్లు దాటిన ఆధారం ఉంది. "నల్లది తేలిక" అని మీరు పదిమందికీ చెబితే, రేపు ఎవరో కుర్రవాడు లయన్ స్టౌట్ మూడు సీసాలు తాగి బండి ఎక్కుతాడు. మన చట్టంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల ఆల్కహాలే.

అయ్యకోనేరు గట్టు, విజయనగరం

నావికుడు గారూ, ఒప్పుకుంటున్నాను. శీర్షిక తొందరపడి పెట్టాను. కానీ నా అసలు వాదన నిలిచే ఉందనుకుంటాను. మావగారు భయపడింది అంకెను చూసి కాదు, రంగును చూసి. అంకె చూసి ఉంటే ఆ రోజు డబ్బానే తీసుకునేవారు.

రాజాం పెద్దమ్మాయి

ఘాటు, కేలరీలు సరే. నల్ల బీరు "బలం" అన్న నమ్మకం సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు అన్నిటికంటే అదే బాధ కలిగిస్తుంది.

మా నాయనమ్మ రంగూన్‌లో పుట్టింది. 1942లో బాంబుల భయానికి నడిచి వచ్చిన కుటుంబం మాది. అక్కడ బాలింతలకు రక్తం పడుతుందని నల్ల బీరు చిన్న గ్లాసుతో ఇచ్చేవారని చెప్పేది, మా అమ్మకూ ఇప్పించాలని చూసిందట. ఆ నమ్మకం ఆవిడ కల్పించుకున్నది కాదు. గిన్నెస్ వారి మొదటి ప్రకటనలు 1929లో వచ్చాయి, వాటిలోని మాటే "గిన్నెస్ మీకు మంచిది" అని. అమ్ముకునేవారి మాట సముద్రాలు దాటి వచ్చి మన ఇళ్లలో పెద్దల మాటగా మారింది.

ఇనుము లెక్క నేనూ చూశాను. ఒక పింటు, అంటే 568 మిల్లీలీటర్ల స్టౌట్‌లో ఇనుము సుమారు 0.3 మిల్లీగ్రాములు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో స్త్రీలకు రోజుకు సూచించింది 29 మిల్లీగ్రాములు. దాదాపు వంద గ్లాసులు తాగితే తప్ప సరిపోదు! వంద గ్రాముల చోళ్లలో (రాగుల్లో) 4 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. మన అమ్మమ్మలు చోడి అంబలి కాచి పోసింది ఊరికే కాదు. తల్లి తాగిన ఆల్కహాలు చనుపాలలోకి వెళ్తుంది. ఇప్పటికీ మా వీధిలో ఒకావిడ పచ్చి బాలింతకు నల్ల బీరు సలహా ఇవ్వడం నా చెవులారా విన్నాను. దయచేసి ఈ చర్చ చదివినవారు మీ ఇళ్లలో ఈ సంగతి చెప్పండి.

కవిటి నర్సు

పెద్దమ్మాయి గారి మాటకు నా మాట కలుపుతాను. ఉద్దానంలో డయాలసిస్ రోగుల మధ్య పని చేస్తున్నాను. "బీరు తాగితే కిడ్నీలు కడిగినట్టవుతాయి" అనే మాట నేను వారానికి ఒకసారైనా వింటాను. ఆల్కహాలు మూత్రాన్ని ఆపే హార్మోనును అణచివేస్తుంది, అందుకే ఎక్కువసార్లు వెళ్లవలసి వస్తుంది. అది కడగడం కాదు, ఒంట్లో నీరు పోగొట్టడం. ఎండలో కొబ్బరి తోటల్లో చెమటోడ్చి వచ్చిన మనిషికి నీళ్లు కావాలి, ఉన్న నీటిని బయటికి నెట్టేది కాదు. ఇక్కడి కిడ్నీ జబ్బుకు ఇదే కారణమని నేను అనడం లేదు. దాని కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. ఉన్న కిడ్నీలను ఇంకా కష్టపెట్టవద్దంటున్నాను.

అసలు మీరంతా కేలరీలతో కొలుస్తున్నారు, అక్కడే నాకు పేచీ. 125 కేలరీలు అనగానే అది రెండు ఇడ్లీల లెక్కలాగా వినిపిస్తుంది. మద్యాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి వర్గం క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. పొగాకు పొగ ఉన్న వర్గం అది. ఇడ్లీ ఆ జాబితాలో లేదు.

కోట కూడలి, విజయనగరం

సిస్టరు గారి సేవ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇది సరైన పద్ధతి కాదనుకుంటున్నాను. ఆయన అడిగింది రెండు గ్లాసుల్లో ఏది తేలిక అని. మనిషి ఏ ప్రశ్న అడిగినా "మానెయ్యి" అనే ఒకే జవాబు చెబితే, రేపటి నుంచి అడగడమే మానేస్తాడు. అప్పుడు చీకట్లో తాగుతాడు, 8 శాతానికీ 4 శాతానికీ తేడా తెలియకుండానే తాగుతాడు. 1995లో మన రాష్ట్రంలో మద్యనిషేధం పెట్టి 1997లో సడలించారు. ఆ రెండేళ్లూ ఒడిశా సరిహద్దు మనకు ఎంత దగ్గరో అందరికీ తెలిసింది. వయసు వచ్చిన మనుషులకు అంకెలు చెప్పి, నిర్ణయం వారికి వదలాలి.

కవిటి నర్సు

నేను ఎవరినీ మానెయ్యమనలేదు, మళ్లీ చదవండి. అంకె మార్చమన్నాను. కేలరీలు వద్దు, ఆల్కహాలు గ్రాములు చూడండి. మాస్టారు వేసిన లెక్కలోనే ఉంది: డబ్బాలో 14.6, సీసాలో 41. మావగారు ఒక సీసాతో దాదాపు మూడు డబ్బాల ఆల్కహాలు తీసుకుంటున్నారు. గుండెకూ కాలేయానికీ పనికొచ్చే తేడా అది.

మొదట రాసినాయనకు ఒక మాట. షుగరుకు ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతూ ఖాళీ కడుపుతో తాగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కాలేయం ఆల్కహాలును వదిలించుకునే పనిలో పడి చక్కెరను సరిగా విడుదల చేయదు. మీరు ఏ మాత్ర మొదలుపెట్టినా ముందు ఈ సంగతి మీ డాక్టరుతో మాట్లాడండి.

బొబ్బిలి మాస్టారు

సిస్టరు చెప్పిన కొలతే సరైనది. నేను కేలరీల దగ్గర ఆగిపోయాను.

సోంపేట నావికుడు

ఒక్క రకం మిగిలిపోయింది, పాలు పడనివారి కోసం చెబుతున్నాను. మిల్క్ స్టౌట్ అని ఉంటుంది. పాలు పోయరు, లాక్టోజు అనే పాల చక్కెర వేస్తారు. బీరు ఈస్ట్ లాక్టోజును తినలేదు కాబట్టి అది తీపిగా అలాగే మిగులుతుంది. ఇంగ్లండులో మెకెసన్ పేరుతో 1907 నుంచి ఉంది. ఆల్కహాలు తక్కువే ఉండవచ్చు కానీ మిగిలిన చక్కెర కేలరీలు పెంచుతుంది, పైగా పాలు తాగితే కడుపు ఉబ్బే మనిషికి ఇదీ ఉబ్బుతుంది. నాతో పనిచేసిన నరసన్నపేట కుర్రవాడు ఒక రాత్రంతా పడిన అవస్థ కళ్లారా చూశాను. ఓట్స్ వేసి కాచేది ఇంకోటి ఉంది, అది మెత్తగా ఉంటుంది, ఘాటు మామూలే.

అయ్యకోనేరు గట్టు, విజయనగరం

నిన్న రాత్రి ఈ జవాబులన్నీ మావగారికి చదివి వినిపించాను. 41 గ్రాముల దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. కాగితం తీసుకుని తానే గుణించుకున్నారు. పాత గుమాస్తా కదా, నా మాట కంటే తన గుణింతం మీదే నమ్మకం. లెక్క సరిపోయింది.

తరువాత మిగిలిన రెండు డబ్బాల్లో ఒకటి తెరిపించి, సగం గ్లాసు తాగి చూశారు. చేదుగా ఉందన్నారు, మాడిన పప్పు వాసన వస్తోందన్నారు. కడుపు నిండిందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆపైన నా ముందున్న పళ్లెం వైపు చూపించారు. పలాస జీడిపప్పు నేతిలో వేయించి పెట్టింది మా ఆవిడ, మాటల్లో పడి నేను సగానికి పైగా తినేశాను. "దీని లెక్క కూడా వెయ్యి" అన్నారు. వంద గ్రాములకు 550 కేలరీలు దాటుతుంది. నేను తిన్నది యాభై గ్రాములైనా ఉంటుంది, నెయ్యి కాకుండానే సుమారు 280. నా గ్లాసులో ఉన్న నల్ల బీరుకు రెట్టింపు.

ఆ కాగితం ఇప్పుడు మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. జీడిపప్పు వరుస ఆయన చేతిరాతతోనే ఉంది.