అప్‌డేట్: పాత ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌పీ ఎక్కిందండీ!
నాన్నగారి పాత తెలుగు డీటీపీ (పేజీలు కంపోజ్ చేసే) సాఫ్ట్‌వేర్ కోసం 2008 నాటి ల్యాప్‌టాప్‌లో విండోస్ ఎక్స్‌పీ వేస్తుంటే బ్లూ స్క్రీన్ వస్తోందని అడిగాను కదా, అది తేలింది.

తప్పు సీడీది కాదు. ఆ బ్లూ స్క్రీన్ మీద చివర 7బి అని వచ్చే ఎర్రర్ కోడ్‌కి అర్థం, ఎక్స్‌పీకి హార్డ్ డిస్క్ అందడం లేదని. 2001లో వచ్చిన ఎక్స్‌పీ సీడీలో ఏహెచ్‌సీఐ (హార్డ్ డిస్క్‌తో మాట్లాడే కొత్త పద్ధతి) డ్రైవర్ ఉండదు. మీరు చెప్పినట్టే బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ అవ్వగానే తెరిచే సెట్టింగ్స్‌లో) సాటా మోడ్‌ని, అంటే హార్డ్ డిస్క్ పనిచేసే పద్ధతిని, ఏహెచ్‌సీఐ నుంచి పాత పద్ధతి ఐడీఈకి మార్చాను, అంతే. ఈలోపు నేను రెండు సీడీలు తగలేసి, ర్యామ్ కూడా పీకి చూశాను!

వైఫై డ్రైవర్ దొరకలేదు, వెతకను కూడా. 2014 ఏప్రిల్ 8తోనే ఎక్స్‌పీకి సపోర్ట్ (సెక్యూరిటీ అప్‌డేట్లు) ముగిసింది కాబట్టి నెట్ జోలికి పోవట్లేదు. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోనే. నాన్నగారు అప్పుడే ఒక పెళ్లి కార్డు కంపోజ్ చేస్తున్నారు.