కడుపుతో ఉన్నప్పుడు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: చూసినవాళ్లు చెప్పండి

పరకాల తమ్ముడు:
మా అక్కకు ఐదో నెల. కొన్నాళ్లుగా అప్పుడప్పుడు రక్తం కనిపిస్తోంది. మొదట చూపించిన దవాఖానలో మాయ కిందికి ఉందేమో, రెస్ట్ తీసుకోమన్నారు. తర్వాత హన్మకొండలో ఒక మేడం స్పెక్యులం (లోపల చూసే పరికరం) పెట్టి చూసి, ముక్క పరీక్షకు పంపారు. రిపోర్టులో స్క్వామస్ సెల్ కార్సినోమా అని, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సరే అని వచ్చింది. గడ్డ రెండు సెంటీమీటర్ల లోపే ఉందట. అత్తగారింట్లో ఒక మాట, మా అమ్మది ఒక మాట. కడుపు తీసేయాల్సిందేనా?

హన్మకొండ వదిన:
తమ్ముడూ, ముందు అక్క దగ్గర ఆ తీసేయడం మాట ఎత్తకండి. నాకు రెండో కాన్పులో ఇదే జబ్బు, గడ్డ మీ అక్క కన్నా పెద్దది. మూడు నెలలు దాటాక కీమో మొదలుపెట్టారు, సిస్‌ప్లాటిన్, పాక్లిటాక్సెల్, మూడు వారాలకోసారి. పిల్లాడికి ఏమవుతుందోనన్న టెన్షన్‌తో నిద్ర ఉండేది కాదు. మొదటి మూడు నెలల్లో బిడ్డ అవయవాలు తయారవుతాయి కాబట్టి అప్పుడే కీమో ఇవ్వరని డాక్టరమ్మ ఓపికగా చెప్పాక కొంచెం కుదుటపడ్డాను. మధ్యమధ్యలో స్కానింగ్ చేసి బిడ్డ ఎదుగుదల చూశారు. కాన్పుకు మూడు వారాల ముందే కీమో ఆపారు, లేకపోతే తల్లికీ బిడ్డకూ రక్తకణాలు తక్కువగా ఉంటాయట. సిజేరియన్‌లోనే గర్భసంచి కూడా తీశారు. కోత మామూలుగా కింద కాకుండా పైన పెట్టారు. నా జుట్టు ఊడింది, వాడు మాత్రం నిండు జుట్టుతో పుట్టాడు! తర్వాత కూడా మందులు నడిచాయి కాబట్టి తల్లిపాలు వద్దన్నారు. అది మాత్రం చాలా బాధేసింది.

జనగామ అన్న:
వదిన చెప్పింది నిజమే కానీ అందరికీ ఒకటే దారి అనుకోవద్దు. మా ఇంటామెకు మూడో నెల నిండకముందే తేలింది, అప్పటికే గడ్డ చుట్టుపక్కలకు పాకింది. అలాంటప్పుడు వైద్యం రేడియేషన్, దాంతో పాటు కీమో. కడుపులో బిడ్డ ఉండగా అక్కడ రేడియేషన్ ఇస్తే బిడ్డ బతకదు. ఆగితే ఆమెకు ప్రమాదం అన్నారు. కడుపు వద్దనుకున్నాం. తర్వాత నెలసరి కూడా ఆగిపోయింది. ఇప్పుడు ఆమె బాగానే ఉంది, కానీ చుట్టాలు "బిడ్డ కోసం ఆగాల్సింది" అని ఇప్పటికీ అంటారు. ఆ మాటలు మీ అక్క చెవిన పడనివ్వకండి.

కరీంనగర్ స్టాఫ్ నర్స్:
నేను డాక్టర్‌ను కాను, వార్డులో చూసింది చెబుతున్నా. రెండు సంగతులు తేలాకే నిర్ణయం: స్టేజీ ఎంత, నెలలు ఎన్ని. స్టేజీ కోసం ఎంఆర్ఐ చేస్తారు, కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా. సీటీ, పెట్ సాధారణంగా పెట్టుకోరు. చిన్న గడ్డ అయితే కొందరికి క్యాన్సర్ పాకిందేమోనని లింఫ్ గ్రంథులు తీసి చూస్తారు, అది సుమారు 22 వారాల లోపే వీలవుతుంది. గడ్డ ఉండగా నార్మల్ డెలివరీకి పట్టుబట్టకండి. రక్తస్రావం ఒకటైతే, యోని దగ్గర వేసిన కుట్ల చోట క్యాన్సర్ మళ్లీ వచ్చిన కేసులు ఉన్నాయి. కాన్పయ్యాక మాయను కూడా పరీక్షకు పంపమని అడగండి. ఒకే స్టేజీలో ఉన్న గర్భిణులకూ, గర్భం లేనివారికీ ఫలితాల్లో పెద్ద తేడా ఉండదు. ఒకవేళ గర్భస్రావం అనుకుంటే 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం ఆపైన 24 వరకు కొన్ని కేటగిరీలకే, ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో. తల్లి ప్రాణం కాపాడటానికైతే ఆ వారాల లెక్క అడ్డు రాదు.

భూపాలపల్లి చెల్లె:
నాకూ కడుపుతో ఉన్నప్పుడే పాప్ టెస్టులో తేడా వచ్చింది, కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరీక్ష) చేసి సీఐఎన్ 3 అన్నారు. అది క్యాన్సర్‌కు ముందు దశ, ఇంకా క్యాన్సర్ కాదు. మధ్యలో మళ్లీ చూసి, కాన్పయ్యాక ఆరు వారాలు దాటనిచ్చి వైద్యం చేశారు. రిపోర్టు ఒకసారి సరిగ్గా చదివించుకోండి అన్నా, మా ఇంట్లో రెండూ ఒకటే అనుకుని అందరూ ఏడ్చారు.

పరకాల తమ్ముడు:
మాది కార్సినోమానే చెల్లె, రాసే ఉంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే అనే సర్కారు క్యాన్సర్ దవాఖానకి పొమ్మన్నారు. ఆరోగ్యశ్రీ పనిచేస్తుందా?

హన్మకొండ వదిన:
2023 డిసెంబర్ నుంచి పరిమితి పది లక్షలు చేశారు, క్యాన్సర్ వైద్యం అందులో ఉంది. అక్కడ ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్రను కలవండి. కాజీపేట నుంచి నాంపల్లికి పోయే రైలెక్కితే, ఆ దవాఖాన ఉన్న రెడ్‌హిల్స్ దగ్గరే. కానీ రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకుని పోకండి. ముక్క పరీక్ష చేసిన ల్యాబ్‌లో స్లయిడ్లు, ఆ ముక్కను దాచిన మైనపు బ్లాకు అడిగి తీసుకోండి, పెద్ద దవాఖానల్లో మళ్లీ చూస్తారు. ఇంకోటి, క్యాన్సర్ డాక్టరూ కాన్పుల డాక్టరూ ఇద్దరూ కలిసి మాట్లాడుకోవాలని గట్టిగా అడగండి. ఒకరి మాట ఇంకొకరికి మోసుకుతిరిగే పని మీకు పెట్టనివ్వకండి.

పరకాల తమ్ముడు:
సరే వదినా. ల్యాబ్‌వాళ్లు బ్లాకు ఇస్తారా?

కరీంనగర్ స్టాఫ్ నర్స్:
పేషెంట్‌దే కదా, అడిగితే సంతకం పెట్టించుకుని ఇస్తారు. ఎండలో బండి డిక్కీలో మాత్రం పెట్టకండి, మైనం కరుగుతుంది.